సిక్స్ బై సిక్స్ వచ్చింది, మరి సరిగ్గా కనబడటం లేదంటారేం?

(మయోపియాలో, అంటే దూరపువి మసకగా కనబడి మైనస్ అద్దాలు పడే కంట్లో, మధ్య చూపు, పక్క చూపు గురించి హైదరాబాద్‌లో ఆప్టోమెట్రీ విద్యార్థులు, విజన్ టెక్నీషియన్లు, కళ్లజోళ్ల షాపుల వారి కోసం ఇచ్చిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువైతే చెయ్యి ఎత్తండి. స్లైడ్లు తక్కువే, బోర్డు మీదే ఎక్కువ రాస్తాను.

కోఠీలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కౌంటరు దగ్గర నిలబడేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. మైనస్ ఎనిమిదో తొమ్మిదో పవర్ ఉన్న మనిషి కొత్త జోడు తీసుకెళ్లి వారానికల్లా తిరిగొస్తాడు. "సార్, మీ చార్టు మీద అక్షరాలైతే అన్నీ కనపడ్తున్నయి. గానీ రాత్రి బండి నడపాలంటే భయమైతుంది. పక్కనుంచి ఆటో దగ్గరికొచ్చేదాకా తెలుస్తలేదు" అంటాడు. మళ్లీ చార్టు ముందు కూర్చోబెడతాం. సిక్స్ బై సిక్స్ లైను, అంటే మామూలు చూపుకు గుర్తైన చిన్న అక్షరాలు, గడగడా చదివేస్తాడు. "బాగానే ఉంది కదండీ, నాలుగు రోజులు పెట్టుకుంటే అలవాటైపోతుంది" అని పంపేస్తాం. ఆయన చెప్పింది నిజం. చార్టు చూపించిందీ నిజమే. ఒకటి కంటి నడుమ కొలిచిన సంగతి, రెండోది అంచున తెలిసొచ్చిన సంగతి.

అలాంటి కంట్లో లోటు ఎక్కడుందో వెతకడానికి ఒక వరస ఉంది. ముందు అద్దాన్ని అనుమానించాలి. తర్వాత కంటి వెనక వెలుతురును పట్టే పొర రెటీనా మీద పడే బొమ్మ సైజును. ఆ రెండూ తేలాకే రెటీనాను. షాపుల్లో మొదటిదాని దగ్గరే ఆగిపోతారు, ఆసుపత్రుల్లో ఒక్కోసారి నేరుగా మూడోదానికి దూకుతారు. రెండింటివల్లా పేషెంటుకే నష్టం. నేను చెప్పేదంతా ఈ వరస చుట్టూనే తిరుగుతుంది.

ముందు చార్టు ఏం కొలుస్తుందో చూద్దాం. 6 మీటర్ల దూరంలో సిక్స్ బై సిక్స్ అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు. కంటి దగ్గర అది చేసే కోణం 5 నిమిషాలు, అంటే డిగ్రీలో పన్నెండో వంతు. అందులో ఒక్కో గీత మందం ఒక నిమిషం. చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలి గోరు చూడండి. దాని వెడల్పు రమారమి ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీలు. చార్టులో మనం పరీక్షించే చోటు ఆ గోరంత కూడా ఉండదు. అక్కడే రెటీనా నట్టనడుమ చోటు ఫోవియా ఉంది, వివరాలు, రంగులు చూసే కణాలు కోన్లు చదరపు మిల్లీమీటరుకు లక్షన్నర, రెండు లక్షల దాకా కిక్కిరిసి ఉంటాయి, చీకట్లో చూసే కణాలు రాడ్లు అసలు ఉండవు. అక్కడినుంచి 10 డిగ్రీలు పక్కకు జరిగితే చాలు, ఆరోగ్యంగా ఉన్న కంటికే చూపు ఐదో వంతుకు పడిపోతుంది, 6/30 అనుకోండి. చార్టు మీద అక్షరాలు తెల్లటి పలక మీద నల్లగా, దాదాపు నూరు శాతం కాంట్రాస్టుతో ఉంటాయి. మన రోడ్ల మీద సాయంత్రం ఏడింటికి కనబడే బూడిదరంగు చీర, తారు రంగు స్పీడ్ బ్రేకరు అలా ఉండవు.

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు లాంటి శిబిరాల్లో కూడా మధ్య చూపే కొలిచారు. లక్షల మందిని వేగంగా చూడాల్సిన చోట అదే సబబు. అదే కొలతను హై మయోపియా, అంటే పెద్ద మైనస్ పవర్, ఉన్న మనిషి విషయంలో ఆఖరి మాటగా తీసుకోవడం దగ్గరే తేడా వస్తుంది.

ఇప్పుడు అద్దం సంగతి. మైనస్ అద్దం కంటికి ఎంత దూరంలో ఉందన్నది చిన్న పవర్లలో పట్టించుకోనక్కర్లేదు. పవర్ 5 డయాప్టర్లు (అద్దం పవర్ కొలత) దాటాక పట్టించుకోకపోతే పొరపాటు. ఒక లెక్క చూడండి. (బోర్డు మీద రాస్తూ) పరీక్షకు వాడే ట్రయల్ ఫ్రేములో కంటికి 12 మిల్లీమీటర్ల దగ్గర మైనస్ 10 కుదిరింది. అద్దం ఫోకల్ దూరం 100 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ కంటి దూరబిందువు, అంటే అద్దం లేకుండా స్పష్టంగా కనబడే ఆఖరి చోటు, కంటి ముందు పొర కార్నియాకు 112 మిల్లీమీటర్ల ముందు ఉందన్నమాట. జోడు ముక్కు మీద నాలుగు మిల్లీమీటర్లు కిందికి జారి 16 దగ్గర ఆగింది. ఇప్పుడు ఆ కంటికి అందేది పాత లెక్కలో మైనస్ 9.62. అంటే 0.38 డయాప్టర్లు తక్కువ. పగలు ఇది తెలియదు, కంటిపాప చిన్నగా ఉంటుంది కాబట్టి మసక కప్పబడిపోతుంది. రాత్రి కంటిపాప పెద్దదవుతుంది, చీకట్లో కన్ను తనంతట తాను అర డయాప్టరో ఇంకాస్త ఎక్కువో మైనస్ వైపు జరుగుతుంది. రెండూ కలిసేసరికి ఎదురుగా వచ్చే లైట్ల చుట్టూ వలయం, సైన్ బోర్డు మీద మసక. హైదరాబాద్ ఎండాకాలంలో చెమటకు జోడు జారడం గురించి నేను చెప్పక్కర్లేదు. నోస్ ప్యాడ్లు బిగించి, చెవి వెనక వంపు సరిచేస్తే సగం ఫిర్యాదులు కౌంటరు దగ్గరే తీరతాయి. ప్రిస్క్రిప్షన్ మీద ఏ దూరంలో పరీక్షించారో రాయడం ఇప్పటికీ చాలాచోట్ల లేదు. ఈ బద్ధకం మనదే.

తర్వాత ప్రిజం. అద్దం మధ్యబిందువు నుంచి ఒక సెంటీమీటరు పక్కకు చూస్తే, మైనస్ 8 అద్దంలో వెలుతురు దారికి 8 ప్రిజం డయాప్టర్ల వంపు వస్తుంది. ఆ వంపును మెటీరియల్ ఆబే నంబరుతో (రంగులను ఎంత తక్కువ విడదీస్తే అంత పెద్ద నంబరు) భాగిస్తే రంగుల చెదురు ఎంతో తెలుస్తుంది. మామూలు ప్లాస్టిక్ అద్దం సీఆర్ 39కి ఆబే 58, పాలికార్బొనేట్‌కు 30. మొదటిదాంట్లో 0.14, రెండోదాంట్లో 0.27. ఇది 0.1 దాటితే చాలామంది కంటికి తెలుస్తుంది. అంచు పలచగా ఉందని పాలికార్బొనేట్ అమ్మేస్తాం. పక్కకు చూసినప్పుడు అక్షరాల అంచున నీలం, పసుపు గీతలు కనబడతాయని మాత్రం చెప్పం. పలచగా చేసే 1.67, 1.74 ఇండెక్సు అద్దాల ఆబే కూడా 32, 33 దగ్గరే. పిల్లలకు, బండి మీద తిరిగేవాళ్లకు పగలకుండా ఉండటం ముఖ్యం కాబట్టి పాలికార్బొనేట్ సరైనదే కావచ్చు. చెప్పి ఇవ్వడం వేరు, చెప్పకుండా అంటగట్టడం వేరు.

ఫ్రేము అంచు గురించి ఒక మాట. ప్లస్ అద్దం అంచున ఒక వలయంలా ఏమీ కనబడని చోటు వస్తుంది. మైనస్‌లో దానికి తలకిందులు: అంచు దగ్గర ఒకే వస్తువు అద్దంలోంచి ఒకసారి స్పష్టంగా, అద్దం బయట ఇంకోసారి మసకగా, రెండుసార్లు కనబడుతుంది. ఆ అంచు దాటాక మిగిలిన పక్క చూపంతా పవర్ లేకుండా చూసేదే. హై మైనస్‌కు అంచు మందం తగ్గుతుందని చిన్న గుండ్రటి ఫ్రేము ఇస్తాం, అందానికి మంచిదే. కానీ స్పష్టంగా కనబడే మేర ఆ మేరకు తగ్గిపోతుంది. పైగా కాడ వెడల్పుగా ఉన్న ఫ్రేము తీసుకుంటే, బండి నడిపేవాడికి పక్కనుంచి వచ్చే వాహనం సరిగ్గా ఆ కాడ చాటున ఉంటుంది. డ్రైవింగు చేసే మనిషికి సన్నని కాడ ఉన్న ఫ్రేము ఇవ్వండి, కాడ కంటి మట్టానికి కాస్త పైనుంచి పోయేది అయితే ఇంకా మేలు.

రెండో అనుమానం బొమ్మ సైజు మీద. మైనస్ అద్దం బొమ్మను కుదిస్తుంది. 12 మిల్లీమీటర్ల దూరంలో మైనస్ 6 అయితే కాంటాక్ట్ లెన్స్‌తో పోలిస్తే దాదాపు 7 శాతం, మైనస్ 10 అయితే దాదాపు 11 శాతం చిన్నది. 11 శాతం అంటే, లైను లైనుకూ సైజు ఒకే పాళ్లలో తగ్గే లాగ్‌మార్ చార్టు మీద అర లైను. జోడుతో 6/9 చదివి, కాంటాక్ట్ లెన్స్‌తో అదే లైనులో ఇంకో రెండు మూడు అక్షరాలు ఎక్కువ చదివిన మనిషి రెటీనా బాగుపడలేదు, బొమ్మ పెద్దదైంది. అందుకే హై మయోపియాలో "చూపు ఇంతే" అని రాసేముందు ట్రయల్ కాంటాక్ట్ లెన్స్ పెట్టి ఒకసారి చూడాలి. పవర్ మార్చడం మరిచిపోకండి: 12 దగ్గర మైనస్ 10 అంటే కార్నియా మీద మైనస్ 8.93, మీ దగ్గరున్న లెన్సుల్లో మైనస్ 9. నేరుగా మైనస్ 10 పెడితే పేషెంటు చదువుతాడు, తలనొప్పితో తిరిగొస్తాడు.

ఇక రెటీనా. మయోపియా ఎక్కువగా కన్ను పొడవు పెరగడం వల్ల వస్తుంది. పెద్దవాళ్ల కంటి పొడవు సగటున 24 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. ఒక మిల్లీమీటరు పెరిగితే రమారమి 2.7 డయాప్టర్లు. 27 మిల్లీమీటర్ల కన్ను అంటే మైనస్ 8 దగ్గర అనుకోండి. చేపల వలను నాలుగు వైపులా లాగితే ముడుల సంఖ్య మారదు, కన్నాలు పెద్దవవుతాయి. కన్ను అన్ని వైపులా సమానంగా సాగిందనుకుంటే 24 నుంచి 27కు వైశాల్యం 27 శాతం పెరుగుతుంది, చదరపు మిల్లీమీటరుకు ఉండే కణాలు 21 శాతం తగ్గుతాయి. పాఠ్యపుస్తకం ఇక్కడ ఆగిపోయి "కాబట్టి చూపు తగ్గుతుంది" అంటుంది.

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. కన్ను పొడవైనప్పుడు రెటీనా మీద పడే బొమ్మ కూడా పెద్దదవుతుంది. లోకం మనకు మిల్లీమీటర్లలో కనబడదు, డిగ్రీల్లో కనబడుతుంది. వల సాగినంతే బొమ్మ కూడా సాగితే ఒక్కో డిగ్రీకి వచ్చే కోన్ల లెక్క మారదు. 2019లో బర్క్‌లీ పరిశోధకులు అడాప్టివ్ ఆప్టిక్స్ కెమెరాతో ఫోవియా కోన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. పొడవైన కళ్లలో మిల్లీమీటరు లెక్కన కోన్లు తగ్గాయి, నిజమే. డిగ్రీ లెక్కన చూస్తే తగ్గకపోగా పెరిగాయి. అంటే ఫోవియా నడుమ కన్ను తన సరుకును బాగానే కాపాడుకుంటోంది. సిక్స్ బై సిక్స్ రావడంలో వింతేమీ లేదు.

జోడు పెట్టుకున్నప్పుడు మాత్రం లెక్క మారుతుంది. అద్దం కంటి ముందు ఫోకస్ దగ్గర ఉంటే, పొడవు వల్ల పెరిగిన బొమ్మను మైనస్ అద్దం కుదించేసి మామూలు కంటి బొమ్మ సైజుకే తెస్తుంది. వల సాగే ఉంది, బొమ్మ మాత్రం పాత సైజు. ఆ బొమ్మ కింద పడే కణాలు తక్కువ. ఒకే కంటికి జోడుతో ఒక చూపు, లెన్స్‌తో ఇంకో చూపు ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఫోవియా దాటి బయటికి వస్తే కథ వేరు. రెటీనా పొరల మందం చూపే ఓసీటీ స్కాన్లలో హై మయోపియా ఉన్న మాక్యులాను, అంటే ఫోవియా ఉన్న రెటీనా మధ్యభాగాన్ని, గమనించండి. నట్టనడుమ మందం తగ్గదు, కాస్త ఎక్కువే ఉండొచ్చు. దాని చుట్టూ ఉన్న వలయాల్లో రెటీనా పలచబడి ఉంటుంది. పక్క చూపులో వివరాలు పట్టుకునే శక్తిని కోన్లు నిర్ణయించవు, వాటి సంకేతాలను మెదడుకు పంపే గాంగ్లియన్ కణాల మధ్య దూరం నిర్ణయిస్తుంది. ఆ దూరం పెరిగితే ముందు దెబ్బతినేది అంచే. రెటీనాలో చోటు చోటుకూ విద్యుత్ స్పందన కొలిచే మల్టీఫోకల్ ఈఆర్‌జీలో మయోపియా పెరిగేకొద్దీ రెటీనా స్పందన ఎత్తు తగ్గడం, ఆలస్యం కావడం కనబడుతుంది. కోన్లు ఉన్నంత మాత్రాన పని పూర్తిగా జరుగుతున్నట్టు కాదు.

మధ్య చూపులో కూడా లోటు ఉండొచ్చు, కాకపోతే నల్లటి అక్షరాల మీద తేలదు, కాంట్రాస్టు తగ్గించినప్పుడు బయటపడుతుంది. మన దగ్గర చాలాచోట్ల ఉన్నది పెల్లి-రాబ్సన్ చార్టు, 1988 నాటిది. మీటరు దూరంలో పెట్టాలి. అక్షరాలన్నీ ఒకే సైజు, 4.9 సెంటీమీటర్లు. మూడేసి అక్షరాల గుంపులు 16, గుంపు గుంపుకూ కాంట్రాస్టు 0.15 లాగ్ యూనిట్లు (దాదాపు 30 శాతం) తగ్గుతుంది. మూడింట్లో రెండు సరిగ్గా చదివితే ఆ గుంపు దాటినట్టు. అక్షరం అక్షరం లెక్కిస్తే ఒక్కోదానికి 0.05. కుర్రవాళ్లు 1.65 పైనే ఉంటారు, 1.5 దిగితే ఆలోచించాలి. "ఇంక కనబడటం లేదు" అనగానే వదిలేయకండి, 20, 30 సెకన్లు అలాగే చూడమనండి. మసక అక్షరం కాసేపటికి తేలుతుంది. చార్టు మీద కిటికీ వెలుతురు ఒక పక్కే పడుతుంటే ఆ కొలత చెత్తబుట్టకే. చదివించేవాడు చూపుడువేలుతో చార్టును తాకి చూపిస్తే జిడ్డు మరకలు పడి రెండేళ్లలో చార్టే పాడవుతుంది, ఇదీ చూస్తూనే ఉన్నాం.

ఈ చార్టుకు ఒక పరిమితి ఉంది. అంత పెద్ద అక్షరాలు లావు గీతల మీద కంటి పట్టును మాత్రమే కొలుస్తాయి. సిక్స్ బై సిక్స్ అక్షరం డిగ్రీకి 30 గీతల జతలంత సన్నం. మయోపియాలో లోటు సన్నని గీతల వైపే ముందుగా కనబడుతుంది. కాబట్టి పెల్లి-రాబ్సన్ 1.8 వచ్చినంత మాత్రాన అంతా బాగుందని రాయకండి. లేత బూడిదరంగు చిన్న అక్షరాల లాగ్‌మార్ చార్టు, 10 శాతం కాంట్రాస్టుది, పక్కన పెట్టుకోండి. మామూలు చార్టుకూ దానికీ తేడా ఎన్ని లైన్లన్నది రాయండి. ఎడమ కన్ను, కుడి కన్ను మధ్య తేడా ఇంకా బాగా మాట్లాడుతుంది.

ఇక ఫీల్డ్ టెస్టు, అంటే పక్క చూపు ఎంతమేర, ఎంత బాగా ఉందో కొలిచే పరీక్ష. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు కాస్త గట్టిగా వినండి, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ఆ పరీక్ష చేసే హంఫ్రీ మెషీన్‌లో పేషెంటు చూసే గిన్నె లోపలి వెలుతురు 31.5 ఆపోస్టిల్బులు (వెలుగు కొలత). వెలిగే చుక్క సైజు 3, అంటే 0.43 డిగ్రీలు, 0.2 సెకన్లు మెరుస్తుంది. 10,000 ఆపోస్టిల్బులంటే 0 డెసిబెల్, పది రెట్లు తగ్గిస్తే 10 డెసిబెల్. డెసిబెల్ ఎంత ఎక్కువైతే అంత మసక చుక్కను కన్ను పట్టుకుందని అర్థం, దాన్నే సెన్సిటివిటీ అంటాం. చూపు నడుమ నుంచి 24 డిగ్రీల దాకా చూసే 24-2 పరీక్షలో 54 చుక్కలు, ఆరేసి డిగ్రీల ఎడం. 10 డిగ్రీల దాకా చూసే 10-2లో 68 చుక్కలు, రెండేసి డిగ్రీల ఎడం. 24-2లో ఫోవియా చుట్టూ ఉన్న మూడు డిగ్రీల లోపల మధ్యబిందువు తప్ప పరీక్షించే చుక్కే లేదు, అది మనసులో పెట్టుకోండి.

గిన్నె 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మైనస్ 3 మనిషికి అద్దమే అవసరం లేదు, ఆయన దూరబిందువు దాదాపు అక్కడే ఉంది. 58 ఏళ్ల మైనస్ 8 మనిషికి, ఆ వయసులో కన్ను దగ్గరికి ఫోకస్ చేసుకోలేదు కాబట్టి, ట్రయల్ లెన్స్ మైనస్ 5, లేదా మైనస్ 4.75. టెక్నీషియన్ హడావిడిలో కార్డు చూసి మైనస్ 8 పెట్టేస్తాడు. మూడు డయాప్టర్ల మసక. డయాప్టరుకు ఒక డెసిబెల్ పైచిలుకు చొప్పున ఫీల్డ్ అంతా సమానంగా పడిపోతుంది. ప్రింటవుట్ చూసిన డాక్టరు "మయోపియా వల్ల సెన్సిటివిటీ తగ్గింది" అని రాస్తారు. తగ్గించింది మనం పెట్టిన అద్దం. కుర్రవాడికైతే దూరపు పవర్ పూర్తిగా పెట్టినా ఫోకస్ చేసుకుంటాడు, కాబట్టి గొడవ తక్కువ.

సన్నటి అంచు ఉన్న ట్రయల్ లెన్సే వాడండి, మామూలు రిమ్మున్నది వద్దు. రెప్పవెంట్రుకలు తగలకుండా ఎంత దగ్గరికి వస్తే అంత దగ్గర పెట్టాలి. లెన్స్ దూరమైతే, తల కాస్త పక్కకు జరిగితే, అంచు చుక్కలు ఒక్కసారిగా 0కు పడిపోతాయి. పక్కనున్న చుక్క 28, దాని పక్కది 0 అని కనబడితే ముందు రిమ్మును అనుమానించండి, మళ్లీ చేయండి. 30 డిగ్రీలు దాటిన పరీక్షకు లెన్స్ తీసేయాలి. మైనస్ 8, 10 వాళ్లకు అన్నిటికంటే మంచి దారి కాంటాక్ట్ లెన్స్ పెట్టి ఫీల్డ్ చేయడం: బొమ్మ కుదింపు ఉండదు, రిమ్ము ఉండదు. 40 దాటినవాళ్లకు అయితే లెన్స్ పైన దగ్గరి పవర్ మాత్రం ట్రయల్ హోల్డర్‌లో పెట్టండి.

ఇవన్నీ సరిచేశాక కూడా మిగిలేది ఉంటుంది. 5, 6 డయాప్టర్ల దాకా ఫీల్డ్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. అక్కడినుంచి, పొడవు 26 మిల్లీమీటర్లు దాటాక, సగటు సెన్సిటివిటీ నెమ్మదిగా దిగుతుంది, అంచుల్లో ముందుగా. అంచు చుక్కలు ఆరోగ్యంగా ఉన్న కంట్లోనే ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ ఎక్కువ ఊగుతాయి, కాబట్టి ఒక్క ప్రింటవుట్‌తో తీర్పు చెప్పకండి. సహజంగానే చూపు లేని చోటు బ్లైండ్ స్పాట్ పెద్దదవుతుంది, చూపు నరం కంట్లోంచి బయటికి పోయే ఆప్టిక్ డిస్క్ పక్కన పొర అరిగి తెల్లని నెలవంకలా కనబడే చోటు ఉంటుంది కదా, అక్కడ చూపు ఉండదు. డిస్క్ వంగి ఉన్న కళ్లలో పైన, చెవి వైపు ఒక లోపం వస్తుంది. మెదడు జబ్బేమోనని భయపడే ముందు రెండు విషయాలు చూడండి: అది ఫీల్డ్ నడుమ నిలువు గీత దగ్గర ఆగుతోందా లేక దాటి పోతోందా, ఇంకో మూడు నాలుగు డయాప్టర్ల మైనస్ జోడించి మళ్లీ చేస్తే చిన్నదవుతోందా. గీత దాటి, మైనస్‌తో కుంచించుకుపోతే అది ఆ చోట కన్ను వెనక్కి ఉబ్బి ఉండటం వల్ల వచ్చిన ఫోకస్ తేడా.

చూపు నరం మెల్లగా దెబ్బతినే గ్లకోమా దగ్గర మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ అధ్యయనం 1999లో చెప్పిన లెక్క ప్రకారం, తక్కువ మయోపియాలో గ్లకోమా అవకాశం 2.3 రెట్లు, మధ్యస్థం నుంచి ఎక్కువలో 3.3 రెట్లు. తమాషా ఏమిటంటే, ఓసీటీ మెషీన్ ఆరోగ్యంగా ఉన్న పొడవైన కంటిని కూడా ఎర్రగా, అంటే పొర పలచబడినట్టు, చూపిస్తుంది, ఎందుకంటే నరాల పొర మందంగా ఉండే భాగాలు మాక్యులా వైపు జరిగి ఉంటాయి. ఎర్ర రంగు చూసి చుక్కలమందు మొదలెట్టకూడదు, మయోపియా వల్లేలే అని వదిలేయకూడదు. ఆరు నెలలకోసారి అదే మెషీన్ మీద, అదే ట్రయల్ లెన్స్‌తో ఫీల్డ్ తీసి, మారుతోందా లేదా చూడటమే దారి. మధ్యభాగంలో అనుమానం ఉంటే 24-2తో సరిపెట్టకుండా 10-2 కూడా చేయండి.

పిల్లల సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే అక్కడ పక్క చూపు ఫిర్యాదుల విషయం మాత్రమే కాదు, కన్ను ఎంత పెరగాలో చెప్పేది కూడా అదేనన్న అనుమానం బలంగా ఉంది. 1987లో కోడిపిల్లల కంటి ముందు సగం మేర మసక తెర పెట్టారు. కన్ను ఆ సగం వైపే సాగింది. ఆప్టిక్ నరం కోసేసినా సాగడం ఆగలేదు, అంటే మెదడు ఆజ్ఞ అక్కర్లేదు, రెటీనా తన పక్కనున్న పొరకు తానే చెబుతోంది. 2005లో హ్యూస్టన్‌లో కోతిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో మధ్య చూపు స్పష్టంగా ఉంచి, చుట్టూ మసక చేస్తే మయోపియా వచ్చింది. ఫోవియాను లేజర్‌తో కాల్చేసినా కన్ను పెరుగుదల మామూలుగా సాగింది. మయోపియా కన్ను వెడల్పు కంటే పొడవు ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి, మామూలు మైనస్ అద్దం పెట్టినప్పుడు నడుమ ఫోకస్ రెటీనా మీద పడినా అంచుల్లో రెటీనా వెనక పడుతుంది. ఆ లోటు తీర్చాలన్న ఆలోచనతోనే ఇప్పటి మయోపియా కంట్రోల్ అద్దాలు వచ్చాయి. పిల్లల్లో అంచు ఫోకస్ ఇలా వెనక పడటం ముందే ఉంటే మయోపియా వస్తుందని మాత్రం ఖాయం చేయలేం, 2011లో అమెరికాలో ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించిన అధ్యయనంలో అలాంటి గట్టి సంబంధం కనబడలేదు. కోడిపిల్ల మీద తేలింది కదా అని తల్లిదండ్రులకు గ్యారంటీ ఇవ్వకండి.

ఆ అద్దాల్లో బాగా పరీక్షించిన ఒక రకం తీసుకోండి. నడుమ 9 మిల్లీమీటర్ల చోట మామూలు పవర్. దాని చుట్టూ మిల్లీమీటరు వెడల్పున్న చిన్న కుంభాకార బొడిపెలు దాదాపు 400, ఒక్కోదానికి ప్లస్ 3.50 అదనం. 2020లో అచ్చయిన హాంకాంగ్ ప్రయోగంలో రెండేళ్లకు పవర్ పెరుగుదల 52 శాతం, కంటి పొడవు పెరుగుదల 62 శాతం తగ్గాయి. బిగించడంలో లెక్క ఇది: కన్ను తిరిగే కేంద్రం అద్దానికి 27 మిల్లీమీటర్ల వెనక ఉంటుందనుకుంటే, నడుమ చోటు అంచుకు 4.5 మిల్లీమీటర్లు, అంటే కన్ను పదో డిగ్రీ దగ్గరికి తిరగగానే బొడిపెల్లోంచి చూడటం మొదలవుతుంది. అద్దం మూడు మిల్లీమీటర్లు పక్కకు బిగిస్తే ఒక వైపు మూడు డిగ్రీలకే. పిల్లవాడు "బోర్డు పక్కన మసగ్గా ఉంది" అంటే అలవాటవుతుందిలే అనకుండా, రెండు కళ్లకూ విడివిడిగా పీడీ (ముక్కు మధ్య నుంచి కంటిపాపకు దూరం) కొలవండి, ఎత్తు కొలవండి, ఫ్రేము జారకుండా చూడండి. అమ్మానాన్నలు పవర్ పెరుగుతుందని భయపడి తక్కువ నంబరు ఇమ్మంటారు. 2002లో మలేషియాలో 0.75 తక్కువగా ఇచ్చిన పిల్లల్లో మయోపియా ఇంకా వేగంగా పెరిగింది. ఆ మాట సూటిగా చెప్పండి.

అద్దాల కంటే ముందు బయటి వెలుతురు. 2015లో అచ్చయిన గ్వాంగ్‌జౌ ప్రయోగంలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు బయటి పీరియడ్ కలిపారు. మూడేళ్లకు మయోపియా వచ్చినవాళ్లు 30.4 శాతం, కలపని బడుల్లో 39.5 శాతం. తరగతి గదిలో 300 నుంచి 500 లక్స్ వెలుతురు ఉంటే, బయట నీడపట్టున కూడా వేలల్లో ఉంటుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలోకి పంపమని ఎవరూ చెప్పరు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగున్నర దాటాక, చెట్టు కింద ఆడుకున్నా పనికొస్తుంది. సంక్రాంతికి గాలిపటాలెగరేసే ఆ నాలుగు రోజులే కాకుండా ఏడాదంతా రోజుకు రెండు గంటలు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల టైంటేబుల్ చూసినవాళ్లకు ఇది నవ్వులాటలా ఉంటుంది, నాకు తెలుసు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, హై మయోపియా పేషెంటు పక్క చూపు మసకబారిందని చెబితే అది మామూలుదో, రెటీనా ఊడటమో కౌంటరు దగ్గర ఎట్ల తెలుస్తది?)

మంచి ప్రశ్నమ్మా. ఎప్పటినుంచి అని అడుగు. ఏడాదిగా, రెండు కళ్లలో, రాత్రిళ్లు ఎక్కువగా అంటే తొందరేం లేదు, మనం చెప్పుకున్న వరసలో చూడొచ్చు. మూడు రోజులుగా, ఒక్క కంట్లో, మెరుపులు కనబడుతున్నాయి, నల్లటి చుక్కలు ఒక్కసారిగా గుంపుగా వచ్చాయి, ఒక పక్కనుంచి పరదా దిగుతోంది అంటే ఆ రోజే కంటిపాప పెద్దది చేసి అంచుదాకా చూసే రెటీనా డాక్టరు దగ్గరికి పంపాలి. మెహదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది, దగ్గరలో ఏది ఉంటే అది. సిక్స్ బై సిక్స్ ఉందని ఆగొద్దు. పరదా ఫోవియాను చేరేదాకా చార్టు మీద అక్షరాలు కనబడుతూనే ఉంటాయి, ఆపరేషన్ ఫలితం బాగుండేది కూడా అప్పటిదాకానే. కౌంటరు దగ్గర ఎదురుగా మీటరు దూరంలో కూర్చుని, ఒక కన్ను మూయించి, నీ ముక్కు చూడమని, నాలుగు మూలల్లో వేళ్లు చూపించి ఎన్నని అడగడానికి రెండు నిమిషాలు చాలు. వేళ్లు కనబడితే ఊడలేదని రాయొద్దు, కనబడకపోతే మాత్రం వెంటనే పంపాలి.

(వెనక వరస నుంచి: మాధాపూర్ ఐటీ పిల్లలు లేసిక్ చేయించుకుని ఇక జోడుతో పని అయిపోయిందంటరు. వాళ్ల పక్క చూపు కూడా బాగైతదా, మేడమ్?)

జోడు అంచు పోతుంది, బొమ్మ కుదింపు పోతుంది, ఆ మేరకు పక్క చూపు నిజంగానే మెరుగు. చీకట్లో కంటిపాప లేజర్ చేసిన చోటును దాటి పెద్దదైతే లైట్ల చుట్టూ వలయాలు రావొచ్చు, అది వేరే. కన్ను పొడవు మాత్రం అంతే ఉంటుంది. 27 మిల్లీమీటర్ల కన్ను లేసిక్ తర్వాత కూడా 27 మిల్లీమీటర్లే, రెటీనా అంతే పలచన, గ్లకోమా భయం అంతే. పైగా కార్నియా పలచబడటం వల్ల కంటి ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అది చూసి నిశ్చింతగా ఉంటే ఇబ్బంది. 60 ఏళ్లకు శుక్లం ఆపరేషన్‌కు వచ్చినప్పుడు లెన్స్ పవర్ లెక్క కూడా తప్పుతుంది. కాబట్టి లేసిక్‌కు ముందున్న పవర్, కార్నియా కొలతలు, మందం, కంటి పొడవు, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు దాచుకోమనండి. ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసి రెటీనా అంచు చూపించుకోమనండి. మీ దగ్గరికి చల్ల అద్దాలు కొనడానికి వచ్చినప్పుడు "ఇదివరకు మైనస్ ఎంత ఉండేది?" అని అడిగి కార్డు మీద రాసుకోండి. చూసినవాళ్లకు ఆ కన్ను మామూలు కన్నులాగే కనబడుతుంది, పాత నంబరు తెలిస్తే తప్ప రెటీనా అంచు చూడాలన్న ఆలోచనే రాదు.